ఎర్రగడ్డా, ఉల్లిపాయా? చిన్న పిల్లలకు వస్తువులతో, బొమ్మలతో మాటలు నేర్పడం ఎలా

చిత్తూరు దగ్గర ఒక పల్లె బడిలో నేను ఒకటో తరగతి చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో జరిగిన సంగతి ఇది. కూరగాయల చార్టు గోడకు తగిలించి, స్కేలుతో ఒక్కో బొమ్మ చూపిస్తూ పేర్లు అడుగుతున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పాప ఉల్లిపాయ బొమ్మ చూడగానే లేచి "ఎర్రగడ్డ" అని గట్టిగా చెప్పింది. "ఎర్రగడ్డ కాదమ్మా, ఉల్లిపాయ అనాలి" అన్నాను. పాప కూర్చుంది. ఆ తర్వాత చూపించిన వంకాయ, బెండకాయ, టమేటా అన్నీ ఆ పిల్లకు తెలిసినవే. ఒక్కదానికీ చెయ్యి ఎత్తలేదు. ఆ వారమంతా క్లాసులో నోరు విప్పలేదు.

ఆ పాప చెప్పిందాంట్లో తప్పు లేదు. వాళ్ళమ్మ, అవ్వ, సంతలో అమ్మేవాళ్ళు అందరూ ఎర్రగడ్డ అనే అంటారు. మా ఇంట్లో నేనూ అదే అంటాను. అయిదేళ్ళు ఇంట్లో నేర్చుకున్న మాటను బడి గడప దాటగానే తప్పు చేసేశాను. అది నాకు చాలా రోజులు బాధగా ఉండింది. నేను మాటలు నేర్పే పద్ధతి అక్కడినుంచే మారింది. ఒకటి, రెండు తరగతులు చెప్పే టీచర్లకు, అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్ళకు, ఇంట్లో పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పుకునే అమ్మానాన్నలకు పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. డబ్బు ఖర్చు చాలా తక్కువ. ముందు రోజు సాయంత్రం ఒక అరగంట కావాలి.

ఒక్క వరస గుర్తుపెట్టుకోండి. ముందు వస్తువు పిల్లల చేతికి రావాలి. తర్వాత వాళ్ళ నోటి నుంచి వచ్చే మాట మనం వినాలి. ఆ మాట పక్కన పుస్తకంలోని మాట పెట్టాలి. బొమ్మ ఆ తర్వాత. అక్షరం అన్నిటికన్నా చివర.

మాటలు ఎంచుకోవడం

వచ్చే వారం చెప్పబోయే పాఠం ఆదివారం సాయంత్రం ఒకసారి చదవండి. పిల్లలకు కొత్తగా ఉంటాయనిపించిన మాటల కింద పెన్సిలుతో గీత పెట్టండి. ఇరవై దాకా తేలతాయి. అన్నీ నేర్పాలని టెన్షన్ పడొద్దు. ఏ మాటలు తెలియకపోతే పాఠం అర్థం కాదో అవి మాత్రం తీసుకోండి. ఒకటో తరగతికి రోజుకు నాలుగు, రెండో తరగతికి ఐదారు చాలు. అంతకు మించి చెప్పిన రోజుల్లో మర్నాటికి మిగిలినవి తక్కువేనని నా అనుభవం.

ఆ నాలుగైదు మాటల్లో మూడు రకాలూ ఉండేలా చూసుకోండి: వస్తువు పేరు, చేసే పని, ఎలా ఉందో చెప్పే మాట. కొనే చార్టుల మీద పేర్లే ఉంటాయి. పండ్ల పేర్లు, జంతువుల పేర్లు, వాహనాల పేర్లు. ముప్పై పండ్ల పేర్లు గడగడా చెప్పే పిల్లవాడు "నేను అరటిపండు..." అని మొదలుపెట్టి ఆగిపోవడం నేను చూశాను. కోశాననాలా, తుంచాననాలా, ఒలిచాననాలా అన్నది వాడికి ఎవరూ నేర్పలేదు.

సామాను పోగు చేయడం

వంటింట్లో చేట, జల్లెడ, గరిటె, చెంబు ఉంటాయి. పెరట్లో ఆకులు, పుల్లలు, గులకరాళ్ళు దొరుకుతాయి. వారపు సంతకు పోయినప్పుడు ఒక్కో రకం కూరగాయ ఒకటి రెండు చొప్పున ఇమ్మనండి. బడి పిల్లల కోసం అంటే సంతోషంగానే ఇస్తారు.

పిల్లల్నీ తెమ్మనవచ్చు. అయితే కొనాల్సినవి అడగొద్దు. "రేపు మీ ఇంటి దగ్గర దొరికే ఒక ఆకు తీసుకురండి" అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మరిచిపోయి వచ్చిన పిల్లలు చిన్నబోకుండా మీ సంచిలో ఓ నాలుగు ఎక్కువ పెట్టుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గురివింద గింజలు ఎర్రగా, నల్లచుక్కతో ముద్దుగా ఉంటాయని కొంతమంది లెక్కలకూ ఆటలకూ వాడతారు. వాటి లోపల ఉండేది విషం. గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలూ అంతే. ఈ రెండూ తరగతి గదిలోకి రానివ్వకండి. చింతగింజలు, శనగలు లాంటివి విషం కాకపోయినా చిన్నపిల్లలు ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు చెనిగ్గింజలు (వేరుశనగ గింజలు) తినడానికి ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పెద్దపిల్లలకు పెట్టేముందు కూడా ఎవరికైనా అవి పడవేమో ఇంటివాళ్ళను అడిగి తెలుసుకోండి.

ఒక చేట, ఒక కిలో చెనిక్కాయలు

పద్ధతి అంతా ఒక్క పాఠంలో చూపిస్తాను. మన జిల్లాలో వానాకాలం పంట చెనిక్కాయలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంటికి వస్తాయి. ఆ రోజుల్లో ఈ పాఠం పెట్టుకుంటే పచ్చికాయలతో చెట్టే దొరుకుతుంది. మిగతా రోజుల్లో ఎండుకాయలు సరిపోతాయి.

మొదట కాయలు ఒక గుడ్డసంచిలో వేసి మూతి బిగించండి. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి సంచి చేతులు మార్చండి. ఒక్కొక్కరూ లోపల చెయ్యి పెట్టాలి, చూడకూడదు, పేరు చెప్పకూడదు. చేతికి ఎలా తగిలిందో మాత్రమే చెప్పాలి. పేరు చెప్పొద్దనడం ముఖ్యం. పేరు బయటికి వచ్చేస్తే ఆట అయిపోతుంది, వేరే మాటలు రావు. పేరు ఆపేసరికి మిగతావన్నీ వస్తాయి. మా పిల్లలు "గరుగ్గా ఉంది", "నడుముండాది మేడం దానికి", "ఆడిస్తే గలగలమంటాంది" అన్నారు. చెనిక్కాయ మధ్యలో ఉండే నొక్కును నడుము అనడం నాకు ఎప్పుడూ తోచలేదు. అలా వచ్చిన ప్రతి మాటా బోర్డు మీద ఒక మూల రాసిపెట్టండి. పిల్లలకు చదవడం రాకపోయినా పరవాలేదు. తను చెప్పింది మేడం రాసిందని ఆ పిల్లకు తెలిస్తే చాలు.

తర్వాత సంచి విప్పి కాయలు చేటలో పోయండి. తలా రెండు కాయలు ఇచ్చి ఏం చేస్తారో చూడండి. చెప్పకుండానే ఒలుస్తారు. అప్పుడు పక్కన కూర్చుని వాళ్ళు చేస్తున్న పనికి మాట అందించండి: "నువ్వు కాయ ఒలుస్తున్నావు. తొక్క పక్కన వేస్తున్నావు. ఇది పుచ్చు గింజ, ఏరి పారెయ్." పిల్లల చేతులు పనిలో ఉన్నప్పుడు చెవిలో పడిన మాట ఆ పనితో కలిసి నిలుస్తుంది. చేతులు కట్టుకుని కూర్చోబెట్టి చెప్పినప్పుడు అలా నిలవదు.

ఒలిచింది చేటలో వేసి చెరిగి చూపించండి. మీకు చెరగడం రాకపోతే వంట చేసే ఆయాను పిలవండి. ఆమె చేతిలో చేట ఎగరడం, తొక్కలు ముందుకు పోవడం, గింజలు వెనక్కి రావడం పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ రోజు పాఠం చెప్పేది ఆమే. ఈ ఒక్క చేటలో ఎన్ని పనులున్నాయో లెక్కపెట్టండి: ఒలవడం, చెరగడం, ఏరడం, పొట్టు ఊదడం, లెక్కపెట్టడం, పంచుకోవడం, నమలడం. ఇంటికి పోయాక అమ్మను అడగమంటే వేయించడం, దంచడం, నూరడం కూడా వస్తాయి. ఊరిబిండి (చెనిగ్గింజల పచ్చడి) నూరడం తెలియని ఇల్లు మన వైపు ఉండదు.

వస్తువులోని భాగాలూ ఇప్పుడే చెప్పాలి. పైన తొక్క, లోపల గింజ, గింజ మీద ఎర్రటి పొట్టు, పొట్టు తీస్తే రెండు బద్దలు, బద్దల మధ్య చిన్న మొలక. చెట్టు దొరికితే వేళ్ళు, కాండం, ఆకులు, ఊడలు చూపించండి. పూత రాలాక ఊడ భూమిలోకి దిగి అక్కడ కాయ కడుతుందన్న సంగతి సేద్యం చేసే ఇళ్ళ పిల్లలకు తెలుసు. వాళ్ళనే చెప్పనివ్వండి. మా క్లాసులో చదువులో వెనకబడ్డాడని అందరూ అనుకునే ఒక అబ్బాయి చెట్టు చేతిలో పట్టుకుని ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. వాడు వాడిన మాటల్లో సగం నేను వాడి దగ్గరే రాసుకున్నాను.

కొత్త మాట గట్టిపరచడానికి మూడు మెట్లు

పిల్లలకు అసలు తెలియని వస్తువు అయితే పని చేయించడం ఒక్కటే చాలదు. దానికి మాంటిస్సోరి బడుల్లో వాడే మూడు మెట్ల పాఠం బాగా పనికొస్తుంది. ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి ఉండి, ఇక్కడి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఖరీదైన చెక్క సామాను లేకపోయినా ఆ పాఠం మన బడిలో చెయ్యవచ్చు.

ఒకేసారి రెండు, మహా అయితే మూడు వస్తువులు ముందు పెట్టుకోండి. చేట, జల్లెడ, గంప అనుకుందాం. మొదటి మెట్టులో మనమే చెప్తాం: "ఇది చేట. ఇది జల్లెడ." ఎక్కువ మాటలు వద్దు. రెండో మెట్టులో మాట మనది, పని పిల్లలది: "జల్లెడ ఏది? జల్లెడ నీ తల మీద పెట్టుకో. చేట కిటికీ దగ్గర పెట్టి రా. గంప కింద దాక్కో చూద్దాం." మూడో మెట్టులో వస్తువు చూపించి అడుగుతాం: "ఇది ఏమిటి?"

ఎక్కువమంది మొదటి మెట్టు నుంచి నేరుగా మూడో మెట్టుకు దూకేస్తారు. నేనూ అలాగే చేసేదాన్ని. రెండో మెట్టు మీదే ఎక్కువ సేపు ఉండాలి. పది నిమిషాల పాఠంలో ఏడు నిమిషాలు దానికే ఇవ్వండి. పిల్లలు నోరు విప్పకుండానే తమకు తెలుసని చూపించగలిగే చోటు అదొక్కటే, అందుకే బెరుకు ఉన్న పిల్లలు కూడా పరుగెత్తుకు వస్తారు. మూడో మెట్టులో తడబడితే "తప్పు" అనకుండా రెండో మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

ఇంటి మాట, బడి మాట

ఇప్పుడు ఎర్రగడ్డ దగ్గరికి వస్తాను. మా బోర్డు మీద ఇప్పుడు రెండు ఇళ్ళ బొమ్మలు ఉంటాయి. ఒకటి పెంకుటిల్లు, ఒకటి బడి. పెంకుటింటి కింద ఇంటి మాట, బడి కింద పుస్తకం మాట. ఎర్రగడ్డ పక్కన ఉల్లిపాయ. తెల్లగడ్డ పక్కన వెల్లుల్లి. ఉర్లగడ్డ పక్కన బంగాళదుంప. చెనిక్కాయ పక్కన వేరుశనగ. టెంకాయ పక్కన కొబ్బరికాయ. బొరుగుల పక్కన మరమరాలు. ఏదీ తుడిచేది లేదు. "మీ ఇంట్లో ఏమంటారు?" అని ముందు అడగాలి. పిల్లలు చెప్పాక "పుస్తకంలో దీన్ని ఇలా అన్నారు" అని రెండోది పక్కన చేర్చాలి.

కొన్ని మాటల దగ్గర జాగ్రత్త కావాలి. అనపకాయ అంటే మనకు చలికాలంలో వచ్చే చిక్కుడు జాతి కాయ. గింజలు నానబెట్టి వేళ్ళ మధ్య పితికితే పితికిపప్పు వస్తుంది. అదే కోస్తా వైపు ఆనపకాయ అంటే సొరకాయ. అటు నుంచి బదిలీ మీద వచ్చిన టీచరు సొరకాయ బొమ్మ పెట్టి "ఆనపకాయ" అంటే మన పిల్లలు బిత్తరపోతారు. అలాంటప్పుడు రెండు కాయలూ తెచ్చి పక్కపక్కన పెట్టడమే దారి.

కుప్పం, నగరి, సత్యవేడు వైపు బడుల్లో తమిళం మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఉంటారు. చాలా ఊళ్ళల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళ మాటలకూ బోర్డు మీద చోటు ఇవ్వండి. ఎర్రగడ్డకు తమిళ పిల్ల వెంగాయం అంటుంది, ఉర్దూ పిల్లవాడు ప్యాజ్ అంటాడు. తమిళంలో తేంగాయ్, మన టెంకాయ ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పండి, పిల్లలు తమంతట తామే ఇంకో జత వెతుక్కొస్తారు. కనీసం ఐదో తరగతి వరకు వీలైనంత మేర ఇంటి భాషలో చదువు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. బోర్డు మీద ఒక ఇంటి బొమ్మ గీయడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఇంగ్లీషు మాట ఎప్పుడు? మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి కాబట్టి రెండూ ఒకే రోజు చెప్పేయాలనిపిస్తుంది. నేను ఒకటి రెండు రోజులు ఆగుతాను. తెలుగు మాట చేతిలో స్థిరపడ్డాక, అదే వస్తువు మళ్ళీ చేతికిచ్చి "ఆనియన్" అంటాను. అప్పుడు పిల్లలు నేర్చుకోవాల్సింది ఒక శబ్దమే, వస్తువు పాతదే.

భాషలు ఒకదానితో ఒకటి సరిగ్గా అతకని చోట్లు దొరికితే వదలకండి. బడులు జూన్‌లో తెరిచేసరికి మన తోటల్లో తోతాపురి కోతలు నడుస్తుంటాయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ నెలలో మామిడి పాఠం పెట్టుకోండి. ఇంగ్లీషులో అన్నిటికీ మ్యాంగో ఒక్కటే. మనకు పిందె, కాయ, దోరకాయ, పండు. లోపల కండ, టెంక, జీడి. కొరికితే వగరు, పులుపు, తీపి. తర్వాత తాండ్ర, ఊరగాయ. ఒక పిందె, ఒక కాయ, ఒక దోరకాయ, ఒక పండు వరసగా పెట్టి, కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్పమనండి.

బొమ్మలు ఎప్పుడు, ఎలాంటివి

వస్తువు చేతికి వచ్చి పోయిన మర్నాడు బొమ్మ చూపించండి. నిన్న పట్టుకున్నది బొమ్మలో కనబడగానే గుర్తుకొస్తుంది. ముందే బొమ్మ చూపిస్తే పిల్లలు నేర్చుకునేది బొమ్మనే. నేను కొన్న మొదటి కార్డుల కట్టలో స్ట్రాబెర్రీ, కివీ ఉన్నాయి. మా పిల్లలు ఆ పేర్లు పాటలా పాడారు. ఒక్కరూ వాటిని తిన్నది లేదు, చూసింది లేదు. సీతాఫలం, నేరేడు, సీమచింత ఆ కట్టలో లేవు.

కార్డు మీద ఒకటే వస్తువు ఉండాలి. మామిడిపండు తింటున్న అబ్బాయి బొమ్మ చూపించి "ఇది ఏమిటి" అంటే అబ్బాయి అనాలా, తినడం అనాలా, పండు అనాలా? బొమ్మ సగం పేజీకి తగ్గకుండా, చివరి వరసకు కనబడేలా వేయండి. పాత క్యాలెండర్లు, విత్తనాల ప్యాకెట్లు, పేపర్లో వచ్చే ప్రకటనలు, సరుకుల కవర్లు కత్తిరించి అట్టకు అతికించండి. ఫోన్‌లో మీ ఊరి వస్తువులే ఫోటో తీసి ప్రింటు వేయిస్తే ఇంకా మంచిది. పైన ప్లాస్టిక్ కవరు తొడిగితే ఏడాది ఆగుతుంది.

ఒకే మాటకు ఒకే బొమ్మ చాలదు. ఆకు అంటే మామిడాకు ఒక్కటే చూపించిన ఏడాది, చింతాకు పట్టుకొచ్చి చూపిస్తే "అది ఆకు కాదు, పొడి" అన్నాడు ఒకడు. వాడి తప్పేముంది? అరిటాకు, తమలపాకు, చింతాకు, వేపాకు, తాటాకు అన్నీ కలిపి పెడితేనే ఆకు అన్న మాట పూర్తవుతుంది.

కార్డుల్లో ఇంకో ఇబ్బంది సైజు. చీమ, ఏనుగు ఒకే సైజు కార్డుల మీద ఉంటాయి. ఏనుగును ఎప్పుడూ చూడని పిల్ల దాన్ని మేకంత అనుకుంటుంది. ఏనుగు బొమ్మ చూపించిన రోజు బడి బయట నేల మీద సుద్దముక్కతో నిజమైన ఎత్తు, పొడవు గీసి, లోపల ఎంతమంది పిల్లలు పడతారో నిలబెట్టి చూడండి. పలమనేరు, కుప్పం వైపు బడుల్లో ఈ పాఠం కొంచెం మెత్తగా చెప్పండి. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు పొలాల్లోకి వచ్చే ఊళ్ళు అవి. అక్కడి పిల్లలకు ఏనుగు అంటే భయం, నష్టం కూడా. ముందు వాళ్ళు చెప్పేది వినండి. తొండం, దంతం, మంద, తొక్కేయడం, టపాకాయలు పేల్చడం అన్నీ వాళ్ళ నోటి నుంచే వస్తాయి.

తిరుపతి పిల్లలకు కొండ బొమ్మ చూపించడంలో అర్థం లేదు. బయటికి తీసుకొచ్చి శేషాచలం చూపించండి. కొండ, లోయ, చరియ, మబ్బు, వాన పడుతున్న చోటు, ఎండ ఉన్న చోటు అన్నీ వేలితో చూపించవచ్చు. ఏడాదికి ఒకసారి వెంకటేశ్వర జూపార్కుకు తీసుకుపోగలిగితే జంతువుల కార్డులు పోయి వచ్చాకే తీయండి.

అన్నిటికన్నా నాకు బాగా పనిచేసిన బొమ్మ, పిల్లల కళ్ళ ముందే బోర్డు మీద నేను గీసింది. నాకు బొమ్మలు బాగా రావు. అయినా ఒక్కో గీత వేసి ఆగుతూ "ఏం వస్తోంది?" అని అడుగుతుంటే క్లాసంతా మాటలే. గుండ్రం వేస్తే "బంతి", "చందమామ", "ఎర్రగడ్డ". కింద గీత పెడితే "బెలూను". అచ్చు బొమ్మ అన్నీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి ఇంత ఊహకు చోటుండదు.

పని చెప్పే మాటలకు నాలుగు బొమ్మల వరస వాడండి. పలమనేరు మట్టి బొమ్మలకు, కుండలకు పేరున్న ఊరు. మట్టి తొక్కడం, సారె మీద కుండ చేయడం, ఎండలో ఆరబెట్టడం, ఆవంలో కాల్చడం. నాలుగు కార్డులు కలిపేసి ఇచ్చి వరసలో పెట్టమనండి, పెట్టాక కథలా చెప్పమనండి. కార్డులకు ముందు తలా ఒక ముద్ద మట్టి ఇవ్వడం మరిచిపోవద్దు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఉంటే కలంకారీ వేసే ఇంటికి ఒకసారి తీసుకుపోండి. వెదురు పుల్లతో చేసిన కలం, పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ, బెల్లం, ఇనుము నానబెట్టి చేసిన నల్లరంగు, ఇవన్నీ పిల్లలు ముట్టుకుని వాసన చూడగలిగినవే.

పెద్ద దృశ్యం ఉన్న బొమ్మ వారానికి ఒకటి చాలు. తిరుపతి గంగమ్మ జాతర మేలో, సెలవుల్లో వస్తుంది. చాలామంది పిల్లలు వేషాలు వేసుకుని తీయించుకున్న ఫోటోలు ఇంట్లో ఉంటాయి. జూన్‌లో అవి తెమ్మనండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండలు. ఎవరున్నారు, ఏం కట్టుకున్నారు, చేతిలో ఏముంది, ఇంతకు ముందు ఏం జరిగి ఉంటుంది, తర్వాత ఎక్కడికి పోతారు అని వరసగా అడగండి. మొదటి ప్రశ్నకు ఒక్క మాట జవాబు వస్తుంది, చివరిదానికి నాలుగు వాక్యాలు వస్తాయి.

అక్షరం

మూడో రోజు మాట చీటీ మీద రాసి వస్తువుకు కట్టండి. ఆ మర్నాడు చీటీలు విప్పి కలిపేసి, ఏది దేనిదో మళ్ళీ కట్టమనండి. అంతే. ఐదేసి సార్లు రాయించడం మొదలుపెట్టకండి. నోటికి వచ్చిన మాటను కన్ను తొందరగా పట్టుకుంటుంది.

మరిచిపోకుండా

1885లో జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే పరీక్షలు చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, మొదటి రోజులోనే జారిపోతుందని, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుందని చూపించారు. ఆయన నేర్చుకున్నవి అర్థం లేని అక్షరాల ముక్కలు. వస్తువు చూడని పిల్లకు కొత్త మాట అలాంటి ముక్కే.

అందుకని ఒక పాత బిస్కెట్ డబ్బా పెట్టుకోండి. నేర్పిన ప్రతి మాటకూ ఒక చిన్న బొమ్మ చీటీ అందులో పడాలి. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు ఆ చీటీ మళ్ళీ బయటికి రావాలి. రోజూ ప్రార్థన అయ్యాక ఐదు చీటీలు తీస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చీటీ తీసిన పిల్ల పేరు చెప్పి ఊరుకోకూడదు, ఆ మాటతో ఒక సంగతి చెప్పాలి. "జల్లెడ" అంటే చాలదు. "మా అవ్వ జల్లెడతో రాగిపిండి జల్లిస్తాది" అనాలి.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఉండే బడులు మన దగ్గర చాలా ఉన్నాయి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడివాళ్ళు ఇలాంటి పల్లె బడుల కోసమే కార్డులతో నడిచే పద్ధతి తయారుచేశారు. ఒక్కో రకం పనికి ఒక్కో గుర్తు ఉంటుంది, పిల్లలు తమ మెట్టు తామే చూసుకుని కార్డు తీసుకుంటారు. అంత ఏర్పాటు చేయలేకపోయినా గుర్తుల ఆలోచన తీసుకోవచ్చు. మా దగ్గర చెయ్యి గుర్తు ఉంటే వస్తువుతో చేసే పని, కన్ను గుర్తు ఉంటే బొమ్మ, నోరు గుర్తు ఉంటే పక్కవాడికి చెప్పడం. నేను రెండో తరగతికి లెక్కలు చెప్తుంటే ఒకటో తరగతి పిల్లలు గుర్తు చూసి వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు.

వచ్చిందో లేదో తెలుసుకోవడం

"ఇది ఏమిటి" అని అడిగి జవాబు వస్తే మాట వచ్చినట్టు అనుకోకండి. నేర్పిన చోట కాకుండా వేరే చోట, మనం అడగకుండా, పిల్లలు ఆ మాట వాడితే అప్పుడు వచ్చినట్టు. దానికి నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎడమవైపు పిల్ల పేరు, కుడివైపు తనంతట తాను వాడిన కొత్త మాట, తేదీ. ఆటలో, అన్నం దగ్గర, గొడవ పడుతున్నప్పుడు చెవి అటు పెట్టి ఉంచాలి. పరీక్ష పెట్టాలనిపిస్తే కొత్త వస్తువు ఇచ్చి చూడండి. చెనిక్కాయల పాఠం అయిన వారానికి అరటిపండు ఇచ్చి "ఏం చేస్తున్నావు?" అని అడగండి.

మా చెనిక్కాయల పాఠం అయిన పదో రోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టారు. నేను పిల్లల పక్కనే కూర్చుని ఉన్నాను. ఎప్పుడూ గుడ్డు నా ముందు పెట్టి ఊరికే నా మొహం వంక చూసే ఒక బాబు, ఆ రోజు దాన్ని పళ్ళెం అంచుకు కొట్టి, "మేడం, నేనే ఒలుచుకుంటా. పొట్టు నువ్వు ఏరు" అన్నాడు. నోటు పుస్తకంలో వాడి పేరు పక్కన అదే మొదటి మాట.